జక్కయ్య దిండు బేరం

జక్కయ్యకు కొనడం వచ్చు, అమ్మడం రాదు. ఒకటి వస్తే రెండోది దానంతటదే వస్తుందని చాలామంది అనుకుంటారు. అలా అనుకునేవాళ్లంతా ఒక్క పూట ఢిల్లీ పక్కనున్న వైశాలికి వచ్చి ఆయన్ని చూసి వెళ్తే బాగుండు.

ఆయన సాహిబాబాద్‌లో ఒక ఫ్యాన్ల కంపెనీలో పర్చేజ్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. బోల్టు దగ్గర్నుంచి రాగి తీగ దాకా ఎవరేం తెచ్చినా తిప్పి చూసి, పెదవి విరిచి, "ఇదేంటయ్యా ఇలా ఉంది?" అనడమే ఉద్యోగం. ఆ ఒక్క మాటకే అవతలివాడి ధర సగానికి దిగేది. రిటైరయ్యాక ఆఫీసు ఆయన్ని వదిలింది గానీ ఆ పెదవి విరుపు వదల్లేదు. కూరల బండివాడు ఆయన చొక్కా కనిపిస్తే చాలు, "అంకుల్ ఆగయే" అని గొణుక్కుంటూ బండి పక్క వీధిలోకి తిప్పేసేవాడు. అంతెందుకు, పెళ్లిచూపుల్లో పిల్లను చూసి బాగుందనలేదు మహానుభావుడు, "ఫర్వాలేదు" అన్నాడు. ఆ పిల్ల ఆనందకుమారి ఇప్పటికీ ఆ మాట దెప్పుతూనే ఉంది.

ఆనందకుమారి నర్సు. పాలకొల్లు పక్క మనిషి, నోట్లో నాలుక లేదు. పేషెంట్లకు ధైర్యం చెప్పమంటే గంటలు గంటలు చెబుతుంది గానీ, పైవాళ్లకు "వద్దు" అని ఒక్క మాట చెప్పలేదు. ఎవరింట్లో పెళ్లయినా, ఎవరి పిల్లలకు పరీక్షలొచ్చినా "సిస్టర్ ఆనందం చేస్తుందిలే" అనేవాళ్లు. ఆవిడ చేసేది. అలా ఢిల్లీ ఆసుపత్రిలో ఆవిడ సర్వీసంతా నైట్ డ్యూటీల్లోనే తెల్లారిపోయింది. ఈమధ్య ఒక పొద్దున డ్యూటీ దిగి మెట్రోలో కళ్లు మూసింది. రైలు చివరి స్టేషను వైశాలి చేరింది, మళ్లీ వెనక్కి తిరిగింది, ఆవిణ్ణి నేరుగా ద్వారకా దాకా మోసుకుపోయింది. ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. జక్కయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. తిట్టాలనుకున్నవాడు కాస్తా ఆ ముఖం చూసి ఏడ్చినంత పని చేశాడు.

డిసెంబరుతో ఆవిడ రిటైర్‌మెంటు. హమ్మయ్య అనుకునేలోపే నర్సింగ్ సూపరింటెండెంట్ హనుమాయమ్మగారు పిలిచి, ఇంకో రెండేళ్లు ఉండమంది. మళ్లీ నైట్లే.

"ఏమన్నావ్?" అన్నాడు జక్కయ్య.

"చూద్దాంలెండి అన్నాను."

ఆనందకుమారి నోట "చూద్దాంలెండి" అంటే సరేనన్నట్టే.

అప్పుడే జక్కయ్యకు దిండ్ల ఆలోచన పుట్టింది. ఆవిడ బూరుగు దూది దిండ్లు బ్రహ్మాండంగా కుడుతుంది. ఊరి నుంచి బస్తాలతో దూది తెప్పించుకుని, పగలు నిద్ర పట్టనప్పుడల్లా కుట్టి నర్సులకు ఊరికే పంచేది. పడుకున్నవాళ్లంతా మెడ నొప్పి పోయిందన్నారు. తెలుగు చర్చి క్రిస్మస్ సేల్‌లో టేబుల్ పెట్టి అమ్ముదాం అన్నాడు జక్కయ్య. "అన్నీ అమ్ముడైతే నాకూ ఒక పనుందని హనుమాయమ్మగారికి వద్దని చెప్తానండీ" అందావిడ.

"అవకపోతే?"

"చూద్దాంలెండి."

కూతురు జెనీఫర్ ఈ మాటలు విని, "పప్పా, ఆప్ సే నహీ హోగా, మీ వల్ల కాదు, కస్టమర్‌ని భగాయించి తరిమేస్తారు" అని, ఆయన్ని ఒక ఆన్‌లైన్ కోర్సులో చేర్పించింది. వ్యాపారంలోనూ వ్యక్తిత్వంలోనూ ఒకేసారి ఎదగడం నేర్పే కోర్సట. నేర్పేవాడు ఇందిరాపురం కుర్రాడు సుధీంద్ర. గడ్డం నున్నగా దిద్దుకుని, ఎప్పుడు చూసినా అప్పుడే పందెం గెలిచొచ్చినట్టు రొప్పుతూ మాట్లాడేవాడు.

అతగాడి మొదటి పాఠం: విజేతలు నిద్రపోరు. నాలుగింటికే లేవాలి, నిద్రే వ్యాపారికి శత్రువు. అమ్మబోయేది దిండ్లు బాబూ అని జక్కయ్య మధ్యలో చెప్పబోతే, "మైండ్‌సెట్ అంకుల్, మైండ్‌సెట్!" అని నోరు మూయించాడు. రెండో పాఠం: అద్దం ముందు నిలబడి "నేనే బ్రాండ్" అని గట్టిగా చెప్పుకోవాలి. జక్కయ్య చెప్పుకున్నాడు. అద్దంలో మనిషిని చూసి ఎప్పటిలాగే పెదవి విరిచాడు. మూడోది అన్నిటికంటే ముఖ్యం: మన సరుకులో లోపం మన నోట రాకూడదు. ఇది విన్న దగ్గర్నుంచీ జక్కయ్యకు అన్నం సయించలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, మరి ఈయన ఈ డిసెంబరు లోపలే వదిలించుకోవాలి!

సేల్ రోజు వచ్చింది. వైశాలిలో చర్చివాళ్లు అద్దెకు తీసుకున్న స్కూలు హాలు. ఒక పక్క అరిసెలు, ఒక పక్క కేకులు, మధ్యలో తెల్లటి దిండ్ల గుట్ట. జక్కయ్య టై కట్టుకుని, నేర్పినట్టే పళ్లన్నీ బయటపెట్టి నిలబడ్డాడు.

"వందనాలు బ్రదర్, దిండెంత?" అని ఒకాయన అడిగాడు.

"ధర అడక్కండి, విలువ అడగండి! ఇది దిండు కాదు, మీ కలలకు లాంచ్ ప్యాడ్!"

ఆ బ్రదర్ భయపడి అరిసెల వైపు వెళ్లిపోయాడు. పొద్దుటి నుంచి వచ్చినవాళ్లంతా ఇలాగే జారుకున్నారు. ఆనందకుమారి ఊరికే ఫోన్ వైపు చూసుకుంటోంది. హనుమాయమ్మగారు సాయంత్రం సేల్‌కి వస్తానని మెసేజ్ పెట్టింది, జవాబు కోసమేనన్నది తెలుస్తూనే ఉంది.

మధ్యాహ్నం సుధీంద్ర తన శిష్యుడు జక్కయ్యను వీడియో తీయడానికి దిగాడు. "చూడండి ఫ్రెండ్స్, ఇది నిద్రపోవడానికి కాదు, గెలవడానికి!" అంటూ కెమెరా కోసం టేబుల్ చివర దిండు మీద తల ఆనించాడు. అంతే! ఎన్నేళ్లుగా నాలుగింటికి లేస్తున్నాడో పాపం, నోరు తెరిచి గురక మొదలుపెట్టాడు. జక్కయ్య కుదిపాడు. జెనీఫర్ పిలిచింది. ఆనందకుమారి నాడి చూసి, "బాగానే ఉన్నాడు, పడుకోనివ్వండి" అని తన శాలువా కప్పింది.

గురువు నిద్రపోవడంతో జక్కయ్యకు ఊపిరాడింది. టై వదులు చేసుకున్నాడు. అప్పుడే వీణ అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయి వచ్చి ఒక దిండు చేతిలోకి తీసుకుంది. జక్కయ్య కళ్లు అప్రయత్నంగా దాని కుట్టు మీద పడ్డాయి. ఇక ఆగలేకపోయాడు.

"ఇదేంటమ్మా ఇలా ఉంది? చూడు, కుట్టు వంకర."

"ఎక్కడంకుల్? బానే ఉందిగా."

"బానే ఉందంటే సరిపోతుందా? లోపల గింజ తగుల్తుంది."

"మా అమ్మమ్మ దిండులోనూ తగిలేది! నాకు గింజే కావాలి."

"ఎండలో పెట్టకపోతే ఉండ కడుతుంది. ఈ పొగమంచులో ఢిల్లీకి ఎండెక్కడిది?"

"మా బాల్కనీకి వస్తుంది," అని రోషంగా అని రెండు దిండ్లు చంకలో పెట్టుకుంది వీణ.

"బేరమాడవా?" జక్కయ్య తెల్లబోయాడు. చెప్పిన ధర ఇచ్చేసి ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

ఇక చూడండి తమాషా! పక్కనున్నవాళ్లు మూగారు. జక్కయ్య ఒక్కో దిండూ ఎత్తి, గుడ్డ ముతకన్నాడు, బరువన్నాడు, ఒకసారి తల పెడితే మనిషి లేవడని గురకపెడుతున్న సుధీంద్రను చూపించాడు. జనం దిండ్ల తరఫున ఆయనతో దెబ్బలాటకు దిగారు. "అంత కష్టపడి కుట్టిన సిస్టర్‌ని పక్కన పెట్టుకుని అలా అంటారేంటండీ!" అని ఒకామె కేకలేసి మూడు తీసుకుంది. పాస్టరుగారు మధ్యస్థానికి వచ్చి తనకొకటి కొనుక్కుపోయారు. సాయంత్రానికి గుట్ట కరిగిపోయి, సుధీంద్ర తల కింద ఉన్నది ఒక్కటే మిగిలింది.

అంతలో హనుమాయమ్మగారు రానే వచ్చింది. గుంటూరు గొంతు, హాలంతా వినిపించింది. "ఏం ఆనందం, చూద్దామన్నావు, చూశావా? జనవరి నైట్లకి నీ పేరు వేసేస్తున్నా."

ఆనందకుమారి నోరు తెరిచింది. ఆ ఒక్కటి తప్ప దిండ్లన్నీ అమ్ముడయ్యాయి, చెప్పాల్సిన మాట సిద్ధంగా ఉంది, అయినా పాత అలవాటే నోటికొచ్చింది. "అదే మేడమ్, చూద్..." అంటోంది.

ఆ మాట పూర్తయిందో, మళ్లీ రైలు ద్వారకా దాకా పోతుంది. జక్కయ్య అడ్డం దూకాడు. ఎదుటివాళ్లకు సరుకు మీద ఆశ వదిలించడానికి ఆయనకు తెలిసిన దారి ఒక్కటే.

"ఈవిడెందుకండీ మీకు? మోకాళ్లు పోయాయి. మెట్లెక్కితే చప్పుడొస్తుంది."

"మోకాళ్ల నొప్పులు ఎవరికి లేవండీ?" అంది హనుమాయమ్మ.

"కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది. మతిమరుపు."

"సిస్టర్ ఆనందానికా? ఏ బెడ్ మీద ఎవరికి ఏ మందు పడదో చీటీ చూడకుండా చెబుతుందయ్యా!"

"చాదస్తం. అడిగిందే పదిసార్లు అడుగుతుంది."

"అలా అడగబట్టే ఎందరో బతికి ఇంటికెళ్లారు!" హనుమాయమ్మకు కోపంతో ముఖం ఎర్రబడింది. "ఇంట్లో ఉన్న బంగారం విలువ తెలీదయ్యా నీకు! పోనీ, నైట్లు వద్దు. డే డ్యూటీ ఇస్తా. జీతం కూడా పెంచమని రాస్తా."

జక్కయ్య కళ్లు మెరిశాయి. జన్మలో ఇలాంటి బేరం తగల్లేదు. "ఆదివారాలు సెలవు?" అన్నాడు.

"ఇస్తా."

"ఠీక్ హై! ఖాయం!" అని చెయ్యి చాపేశాడు.

"నన్నడిగారా?"

ఇద్దరూ తిరిగి చూశారు. ఆనందకుమారి నిలబడి ఉంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ గొంతు మాత్రం వణకలేదు. "ఇంత మంచిదాన్నని ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదే మేడమ్. చాలా సంతోషమండీ. కానీ వద్దు. నైట్లూ వద్దు, డేలూ వద్దు. నాకు నిద్రపోవాలనుంది."

హనుమాయమ్మగారు ఆనందకుమారి భుజం తట్టి, "కనీసం దిండైనా ఇవ్వు తల్లీ" అంది. జక్కయ్య సుధీంద్ర తల పైకెత్తి దిండు లాగి ఇచ్చేశాడు. సుధీంద్ర కళ్లు తెరవకుండానే "మైండ్‌సెట్" అని గొణిగి, టేబుల్ చెక్క మీదే మళ్లీ నిద్రపోయాడు.

హాలు ఖాళీ అవుతోంది. ఆనందకుమారి శాలువా తీసుకుని మడత పెడుతూ, మొగుడి ముఖం చూడకుండా అడిగింది. "మోకాళ్లు, మతిమరుపు, చాదస్తం. అంతమందిలో అన్నీ అన్నారు కదా, అందులో నిజమెంతండీ?"

జక్కయ్య ఆవిణ్ణి ఒకసారి తేరిపార చూశాడు. ఈసారి పెదవి విరవలేదు.

"అన్నీ నిజమే ఆనందం. ధర ఏమైనా తగ్గిందా మరి?"