కన్యాకుమారిలో మా పెద్దమ్మ నోరు విప్పింది

మా అమ్మా, పెద్దమ్మా నాలుగేళ్ళు మాట్లాడుకోలేదు. అమ్మది అద్దంకి, పెద్దమ్మది కనిగిరి. ఏ పెళ్ళిలోనో ఒకే బంతిలో నన్ను మధ్యన కూర్చోబెట్టుకుని, "మీ పెద్దమ్మకి పప్పు వెయ్యలేదు, వెయ్యమను" అని అమ్మ నాతో అనేది. "నా విస్తరి సంగతి మీ అమ్మకెందుకంట?" అని పెద్దమ్మ కూడా నాతోనే అనేది. నాలుగు చెవులూ శుభ్రంగా పనిచేస్తున్నాయి. అయినా ప్రతి మాటా నా మీదుగా పోవలసిందే. స్కూల్లో పిల్లల పంచాయతీలు తీర్చి తీర్చి వచ్చే నాకు ఇదొక అదనపు ఉద్యోగం.

దీనికంతటికీ కారణం అమ్మమ్మ పోవడం. ఆవిడ మా ఇంట్లోనే పోయింది. కబురందిన పెద్దమ్మ బస్సులు మారి వచ్చేసరికి ఇల్లు కడిగేసి ఉంది. పొద్దు వాలుతోందని ఊళ్ళో పెద్దవాళ్ళు తొందరపెట్టారు, శవాన్ని ఆపలేదు. "మా అమ్మ మొహం నాకు దక్కకుండా చేసింది" అని పెద్దమ్మ వాకిట్లోనే ఏడ్చింది. అమ్మ ఒక్క ముక్క సంజాయిషీ చెప్పుకోలేదు. నాకు ఒళ్ళు మండింది అందుకే. చెప్పుకుంటే ఏం పోయింది? ఇద్దరూ అరవై దాటిన మనుషులు. ఇట్లా బిగుసుకుని ఉండగానే వీళ్ళలో ఒకరు వెళ్ళిపోతే రెండోవాళ్ళు బతికినంతకాలం కుమిలిపోతారని నాకు నిజంగా భయం వేసేది.

అందుకే మిరపకోతలు మొదలు కాకముందే కన్యాకుమారికి ముగ్గురికీ టిక్కెట్లు తీశాను. రెండోవాళ్ళు వస్తున్నారని ఇద్దరికీ చెప్పలేదు. అమ్మా నేనూ చీరాలలో రైలెక్కాం. ఒంగోలులో పెద్దమ్మ సంచీ పట్టుకుని ఎక్కింది. అమ్మ చటుక్కున కిటికీ వైపు తిరిగింది. పెద్దమ్మ నా వంక చూసి, "ఇదటే నీ తెలివి? చదువు చెప్పేది ఇట్టాగేనా?" అంది. దిగిపోతుందేమో అనుకున్నాను గానీ ఈలోగా బండి కదిలింది.

నెల్లూరు దాటాక పెద్దమ్మ పులిహోర డబ్బా తీసింది.

"మీ అమ్మకి కావాలేమో అడుగు."

"నాకొద్దని చెప్పు."

కాసేపయ్యాక అమ్మ కిటికీలోంచి చూస్తూనే, "రవ్వంత పెట్టమను" అంది. పెద్దమ్మ పెట్టింది రవ్వంత కాదు, ఆకు నిండా. అమ్మ ఒక్క మెతుకు మిగల్చలేదు.

కన్యాకుమారిలో ముందు గుడికి వెళ్ళాం. పెళ్ళి తప్పిపోయి కన్యగానే నిలిచిపోయిన అమ్మవారు. సముద్రం మీదికి కూడా కనిపిస్తుందంటారే, ఆ ముక్కుపుడక మెరుపు చూడాలని ఇద్దరూ మెడలు చాచి, "కనపడిందా?" అని ఒకేసారి నన్నే అడిగారు. ఎదురుగా దేవత ఉందని ఊరుకున్నాను గానీ, లేకపోతే అక్కడే గట్టిగా అరిచేదాన్ని.

తర్వాత లాంచీ. సముద్రంలో ఒక రాతి మీద మండపం, పక్క రాతి మీద తలెత్తి చూడాల్సినంత తమిళ కవిగారి విగ్రహం, ఆ రెంటికీ నడుమ కొత్తగా వేసిన అద్దాల వంతెన. చీరాల వాడరేవులో మోకాళ్ళ లోతు నీళ్ళు దాటి ఎరగదు మా అమ్మ. లైఫ్ జాకెట్ బిగించుకుని, కళ్ళు మూసుకుని, తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచింది. ఒక అల వచ్చి ఆవిడ కళ్ళజోడు మీద పడితే, తుడిచినకొద్దీ ఉప్పు అలుక్కుపోయిందని దాన్ని సంచీలో పడేసింది. వంతెన మీద అద్దంలోంచి కింద అలలు కనిపించేసరికి నా కుడిచెయ్యి అమ్మ, ఎడమచెయ్యి పెద్దమ్మ పట్టుకున్నారు. ఇద్దరి గోళ్ళూ దిగాయి. ఆ నొప్పిలో కూడా నాకు వాళ్ళిద్దరూ ముద్దొచ్చారు.

ఒడ్డుకొచ్చాక గుడి దారిలో ఒక బల్ల మీద రంగురంగుల ఇసుక కుప్పలు పోసి ఉన్నాయి. అమ్మవారి పెళ్ళికి తెచ్చిన బియ్యం, పప్పులే ఇట్లా ఇసుకైపోయాయని అక్కడివాళ్ళ నమ్మకం. పొట్లాలు కట్టి అమ్ముతారు. నేను ఆ కథే పెద్దమ్మకి చెబుతున్నాను. అమ్మ అదేమీ వినిపించుకోకుండా ఎర్ర కుప్ప దగ్గర ఆగింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ మిరప చేలల్లో తిరిగిన మనిషి. కళ్ళజోడు లేదు. చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి, "ఇదేం కారమండీ, ఇంత గరుకుగా ఆడించారు? రంగు కలిపారా?" అని కొట్టువాణ్ణి గదమాయించి నాలిక చాపింది.

"ఒసేయ్ పిచ్చిమొహమా! నోట్లో పెట్టకే, అది ఇసకే!"

వీధి వీధంతా తిరిగి చూసింది. ఆ అరుపు నాతో కాదు, పెద్దమ్మ నేరుగా అమ్మతోనే అరిచింది. అమ్మ అప్పటికే నాలిక మీద వేసుకుంది.

"ముందే చెప్పొచ్చుగా అక్కా!" అంది తుపుక్కున ఊస్తూ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు పెద్దమ్మ నవ్వింది. తర్వాత అమ్మ. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. పెద్దమ్మ నీళ్ళసీసా మూత తీసి, చిన్నపిల్లకి పట్టినట్టు అమ్మ గడ్డం పట్టుకుని నోరు పుక్కిలింపించింది. నేను పక్కకి తిరిగి ఏడ్చాను, సంతోషంతోనే.

సాయంత్రం ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం. మా వైపు పొద్దు సముద్రంలోంచి లేచి పత్తిచేలల్లోకి పోతుంది. ఇక్కడ సముద్రంలోకే దిగుతోంది. పెద్దమ్మ అటే చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"అమ్మ నా గురించి ఏమన్నా అడిగిందటే?"

అమ్మ చూపు కాళ్ళ దగ్గరి అలల మీదకి దించింది.

"అడిగింది. అప్పటికి చూపు ఆనట్లేదు. నా చెయ్యి పట్టుకుని, 'పెద్దదానా, వచ్చావా' అంది."

"నువ్వేమన్నావు?"

"'వచ్చానమ్మా' అన్నాను. కళ్ళు మూసుకుంది. నీకు రావాల్సిన పిలుపుకి నేను పలికాను గదక్కా. ఆ మాట ఏ మొహం పెట్టుకుని చెప్పను నీకు?"

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. అమ్మ చేతిని తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే అమ్మ లెక్కలో నేనొచ్చినట్టే గదే," అంది.