బావ లెక్క తప్పిన మధ్యాహ్నం

మా బావ పోయాడని తొర్రూరులో నేను పనిచేసే పత్తి మిల్లుకు ఫోనొచ్చింది. హనుమకొండ బస్సులో పక్కనాయన "మీ బావ ఏం పని జేస్తుండె?" అని అడిగితే, "లెక్కల సారు" అన్నాను. అంతకుమించి చెప్పడం ఆనాడూ రాలేదు, ఈనాడూ రాదు.

ఆయనది బీజీయ జ్యామితి. అదేమిటో ఒకసారి అడిగాను.

"సమీకరణం రాస్తే ఒక ఆకారం పుడతది బామ్మర్దీ. దాన్ని కండ్లతోని చూడకుంటనే, సమీకరణాన్ని అడిగి ఆకారం గుణం తెలుసుకునుడు నా పని."

"పిల్లను చూడకుంట సంబంధం ఖాయం జేసుకున్నట్టా?"

"మీ అక్కను నేనట్లనే జేసుకున్న గదా" అని నవ్వాడు. నాకు ఇంకా తికమకైంది.

పత్తి ధర పెరుగుతుందని నేనంటే, "ఎట్ల జెప్తవ్?" అనేవాడు. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే. నా మాటకు అంత విలువిచ్చిన చదువుకున్న మనిషి మరొకరు లేరు. ఆయన పని అర్థం కాలేదు గానీ, ఆయనంటే నాకు ప్రాణం.

డెబ్బైల దశకంలో ఏళ్ల తరబడి కూర్చుని ఒక సిద్ధాంతం నిరూపించాడు. అది నిలబడితే బొంబాయిలో పరిశోధన ఉద్యోగం వస్తుందని అక్క ఆశ. వినడానికి మద్రాసు నుంచి ఒక కుర్ర ప్రొఫెసర్ వచ్చాడు. తను పనిచేసే కాలేజీలో బావ బోర్డు మీద సగం రాశాడో లేదో, ఆ ప్రొఫెసర్ లేచి నిరూపణలో ఒక వరుస చూపించి, ఇది నిలవదన్నాడట. బావ కాసేపు చూసి ఔనన్నాడట. ఆ తరువాత ఆయన్నే భోజనానికి ఇంటికి తీసుకొచ్చాడు.

అక్క కోడికూర వడ్డిస్తుంటే బావ మురిపెంగా, "నా తప్పు పట్టుకున్నది ఈ ప్రొఫెసర్ సారే. ఇంకో ముక్క ఎయ్యి" అన్నాడు. అక్క గరిటె ఆగింది. ముక్క వేసి, వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బావకు పిచ్చి పట్టిందా, మాకే తెలివి లేదా అని నేను అయోమయంగా కూర్చున్నాను.

ఆ నిరూపణ మళ్లీ అతకలేదు. బొంబాయి ఊసే పోయింది. ఏటా కొత్త పిల్లలకు మాత్రం, "నేను తప్పిన కాడికెల్లి మొదలువెడదాం" అని ఆ వరుసతోనే పాఠం మొదలుపెట్టేవాడు.

దశదినకర్మ అయ్యాక అక్క అడిగింది. "తమ్మీ, ఆ దినం ఆయన నిజంగ సంబురపడ్డడా, నా కోసం నవ్విండా? ఇన్నేండ్లు అడుగుదామనుకున్న. నోరు రాలే."

నాకూ తెలియదు. చూసింది చెప్పాను. "ఆ సారు పోయినంక బావ చాప మీద ఒరిగి కండ్లు మూసుకున్నడు. ఏడుస్తాండేమోనని పక్కకు కూసున్న. ఏడ్వలే. వేలుతోని చాప మీద ఏదో గీస్తాండె."

"ఏం గీసిండు?"

"నాకేమెరుక అక్కా. ఏదో వంకర గీత."

అక్క అరచెయ్యి ముందుకు చాపింది. "ఎట్ల గీసిండో గియ్యి."

గుర్తున్నంత మేర గీశాను. అది సరైన గీతో కాదో చెప్పగల మనిషి ఇక లేడు. అక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఇంకోపారి గియ్యి తమ్మీ" అంది.