ఆవిరి వాల్వుకు పెట్టిన చెక్క

"ఆ చెక్క తీయి," అన్నాను.

"తీస్తే స్టీమ్ బంద్ అయితది అవ్వా. సగం ఉడికిన నూలు ఏం చేయాలె? నీ మెడల వేసుకుంటవా?"

"వేసుకుంట. నీ పెండ్లాం చేతుల మీద మరిగే రంగు పడేకంటె నయమే."

"ఇన్నొద్దులల్ల పడ్డదా? ఉగాచ్, ఉత్తపుణ్యానికే లొల్లి పెడుతున్నవు."

నా కొడుకుతో ఈ గొడవ భవాని పేటలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో జరిగింది. టవళ్ల నూలుకు అక్కడే రంగు వేస్తాం. కోడలు రంగు తొట్టి పక్కనే నిలబడి, కర్రకు వేలాడేసిన నూలు చిలపలను, ఆ చుట్టల్ని, రంగులో తిప్పుతోంది.

నేను మూడో తరగతితో ఆగిపోయినదాన్ని. అయినా ఇంట్లోకి వచ్చిన వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుసుకోకుండా ఊరుకోను. ఇప్పుడు చెక్క పెట్టిన ఆ వాల్వును బిగించిన రోజే ఫిట్టర్‌ను కూర్చోబెట్టి అడిగాను. అది బాయిలర్ నుంచి తొట్టికి వచ్చే ఆవిరి గొట్టం మీద ఉంటుంది. పైన పళ్లెంలాంటి డబ్బా, డబ్బాలో గుండ్రటి రబ్బరు, దానికి తగిలించిన కడ్డీ, కడ్డీ చివర గొట్టాన్ని మూసే బిరడా. తొట్టిలో ముంచిన పుల్ల వేడి ఎంతుందో గోడ మీది పెట్టెకు చెబుతుంది. వేడి తక్కువైతే పెట్టె గాలి పంపుతుంది. గాలి రబ్బరును పైకి నెడితే కడ్డీ లేచి ఆవిరి వస్తుంది. వేడి సరిపోగానే గాలి తగ్గుతుంది, స్ప్రింగు కడ్డీని కిందికి నొక్కేస్తుంది. కొంచెం కావాలంటే కొంచెమే తెరుచుకుంటుంది.

"గాలి మొత్తం పోతే దానంతట అదే మూసుకుంటది అవ్వా. గదే దాని అసలు గుణం," అన్నాడు ఫిట్టర్. చక్కెర కార్ఖానాలో, పాల డెయిరీలో, కరెంటు తయారయ్యే చోట కూడా ఇలాంటివే ఉంటాయట, ఇంతకన్నా పెద్దవి.

నెల కింద ఆ రబ్బరు చినిగింది. కొత్తది తెస్తానని కొడుకు అంటే, ఖర్చెందుకని వద్దన్నది నేనే. పాత లారీ ట్యూబు మీద కంచం బోర్లించి, సుద్దతో గీసి, బీడీ ఆకు కోసే కత్తెరతో గుండ్రంగా కోసి ఇచ్చాను. నాలుగు రోజులు బాగానే నడిచింది. తర్వాత గాలి కారడం మొదలై కడ్డీ లేవడం మానేసింది. అప్పుడు నా కొడుకు మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె విరిగితే ఆ చెక్కను కడ్డీ కింద దూర్చి, దాన్ని పైకే నిలబెట్టాడు. ఇక తొట్టి మరిగినా పొంగినా ఆవిరి వస్తూనే ఉంటుంది.

"ట్యూబు కోసిచ్చింది ఎవలు?" అని ఇప్పుడు ఎదురడిగాడు.

"నేనే. నా తప్పు నాకు ఎరుకే. దాని మీద నువ్వు చెక్క పెట్టినవు."

"మాల్ రేపు పోవాలె."

"అయితే తొట్టి కాడ నువ్వు నిలబడు."

"నాకు బాయిలర్ చూసుకునేది ఉంటది."

"మంచి జాగా చూసుకున్నవు పో."

అంతలోనే రంగు బుసబుసమని అంచు దాటింది. కోడలు వెనక్కి దూకింది. పాదం మీద చిందింది, చీర కుచ్చిళ్లు ఎర్రబడ్డాయి.

"ఏం కాలె అత్తమ్మా," అంది, పాదం మీద నీళ్లు పోసుకుంటూ. ఆ మాటకు నా ఒళ్లు ఇంకా మండింది. కాలిన మనిషి మమ్మల్ని సముదాయించాల్సి వచ్చింది. వాడు మాత్రం చెక్క తీయలేదు. ఆ నూలు అయ్యేదాకా అలాగే నడిపాడు. నేనూ తిట్టడం తప్ప ఏమీ చేయలేదు.

మరునాడు పొద్దున కోడలు సంచిలో రెండు చీరలు పెట్టుకుంది. పాదానికి గుడ్డ చుట్టుకుని ఉంది.

"రబ్బరు ఏసినంక ఫోన్ చేయుండ్రి," అని మొగుడితో చెప్పి, కుంభారి ఊళ్లో ఉన్న తల్లి దగ్గరికి బస్సులో వెళ్లిపోయింది. వాడు బాయిలర్ వెలిగించలేదు. వాల్వు మీది నంబరు కాగితం మీద రాసుకుని, స్కూటర్ తీసి, కొత్త రబ్బరు కోసం వెళ్లాడు.