ఏడు స్లీపర్ల తర్వాత

కంప్యూటర్లో రైలు ఆట ఆడేవాళ్ళెవరైనా ఇంజనెక్కుతారు. మా పక్కవాటా గార్డుగారు మాత్రం చివరి పెట్టెలో కూర్చుంటారు. బండిని కంప్యూటరే నడుపుకుంటుంది. ఆయన వెనక్కి పోతున్న పట్టాల్ని చూస్తూ గంటలు గడుపుతారు.

"ముప్ఫై నాలుగేళ్ళు గూడ్సు బండి తోక పట్టుకుని తిరిగినవాణ్ణి. ముందేముందో నాకేం తెలుసు? ఏ ఊరైనా దాటిపోయాకే నాకు కనపడేది," అంటారు.

రిటైరయ్యాక ఏమీ తోచక ఆయన వంటింటి గిన్నెలు సర్దడం మొదలుపెడితే, భరించలేక కోడలు ఈ ఆట పెట్టించింది. తొలివారమే ఆయన తప్పులు పట్టారు. వాన పడితే చివరి పెట్టె లోపల కూడా పడుతుంది. ప్లాట్‌ఫారం మీద జనం మోకాళ్ళ దాకా సిమెంటులో దిగబడి నిలబడతారు. నలభై వ్యాగన్ల బండి సైకిల్లా టక్కున ఆగుతుంది. ఇవన్నీ నవ్వి వదిలేశారు. ఒక్కటి మాత్రం మింగుడుపడలేదు. బండి బయల్దేరితే చివరి పెట్టెలో కుదుపే లేదు!

నిజం బండిలో వ్యాగనుకీ వ్యాగనుకీ మధ్య, కొక్కెం దగ్గర బెత్తెడు వదులుంటుంది. ఇంజను మొదటి వ్యాగన్ని లాగితే, అది రెండోదాన్ని లాగుతుంది. అలా ఆ వదులంతా పోగై వచ్చి చివరి పెట్టెను ఒక్క గుంజు గుంజుతుంది. ఆటలో నలభై వ్యాగన్లూ ఒకే కర్రలా కదులుతాయి.

"చూడు తల్లీ, ఈ లెక్కన నేను ఉద్యోగమంతా ఉయ్యాల్లో ఊగానన్నమాట," అన్నారు కోడలితో.

"అత్తయ్య అనేదీ అదేగా మామయ్యా. వెనక కూర్చుని జెండా ఊపి వచ్చేవారని."

ఆ మాట గుచ్చుకుంది. ఒక్కసారైనా ఆ కుదుపు ఇంట్లోవాళ్ళకి చూపించాలని పంతం పట్టారు. ఆయన చెప్పగా కోడలు టైపు చేసి, ఆట తయారుచేసేవాళ్ళకి ఉత్తరాలు పంపింది. తొమ్మిదోదానికి జవాబొచ్చింది. ఇంజను కదిలిన ఎన్ని సెకన్లకి చివరి పెట్టె కదులుతుందో చెప్పమన్నారు.

గార్డుగారు పైకప్పు వైపు చూశారు. "నలభై."

"నలభై సెకన్లా? ఖాయమేనా?"

"గార్డుని నేనా, నువ్వా?"

వాళ్ళు నమ్మి అలాగే మార్చారు. మార్చిన ఆట వచ్చిన రోజు నన్నూ పిలిచారు. ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. ఇంజను కూత వేసి కదిలింది. కొక్కేలు రబ్బరులా సాగాయి. ఇంజను వంతెన దాటి మలుపు తిరిగినా చివరి పెట్టె స్టేషన్లోనే ఉంది. నలభయ్యో సెకనుకి పైకెగిరి, గాల్లో రెండు పల్టీలు కొట్టి, ఇంజను ముందు వాలింది.

"పాపం, ఇంత కష్టపడ్డారని తెలీక ఇన్నాళ్ళూ ఏదేదో అన్నాను," అని ఆవిడ నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

శుక్రవారంలోగా సరైన లెక్క చెప్పకపోతే పాతదే పెట్టేస్తామని వాళ్ళు మళ్ళీ రాశారు.

"నిజం చెప్పనా?" అన్నారు గార్డుగారు నాతో. "నేనెప్పుడు లెక్కపెట్టాను గనక! కూత వినగానే కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకునేవాణ్ణి. భయంలో ఒక్క సెకను పది సెకన్లంత ఉంటుంది."

లెక్క తెలిసే అవకాశమున్నవాడు ఆయన బండి డ్రైవరొక్కడే. ఆ ఇద్దరికీ మాటల్లేవు. గార్డుగారి వీడ్కోలు సభలో డ్రైవరు మైకు పుచ్చుకుని, వెనక గార్డు ఉన్నాడో లేడో నాకెప్పుడూ తెలిసేది కాదు అన్నాడట. గార్డుగారు రెండు రోజులు ఫోను చుట్టూ తిరిగి, గురువారం మధ్యాహ్నం చేశారు. స్పీకరు పెట్టడంతో మేమూ విన్నాం.

"ఏమోయ్, నేను, గార్డుని."

"ఏ గార్డు?"

"ఉన్నాడో లేడో తెలియని గార్డు."

"ఇంకా అదే పట్టుకుని కూర్చున్నావా? నలుగురూ నవ్వుతారని అన్నానయ్యా. సంగతి చెప్పు."

చెప్పారు.

"సెకన్లు నాకూ తెలీవు. స్లీపర్లు తెలుసు," అన్నాడు డ్రైవరు. "కిటికీలోంచి తల బయటపెట్టి, పట్టాల కింద అడ్డంగా పరిచిన స్లీపర్లు లెక్కపెట్టేవాణ్ణి. నడక కన్నా మెల్లగా పాకించేవాణ్ణి. ఏడు దాటాక ఆ లాగుడు నీ పెట్టెకి అందేది. అప్పుడు గానీ వేగం పెంచేవాణ్ణి కాదు."

"ఎందుకూ?"

"ఎందుకేంటి? నువ్వు పడిపోతావని."

గార్డుగారు ఫోనుని దగ్గరికి జరుపుకున్నారు. "అంత మెల్లగా పోనిచ్చినా అన్నిసార్లు ఎలా పడ్డానోయ్?" అన్నారు.

"అది నీ ప్రతిభ."

కోడలు ఏడు స్లీపర్లని రాసి పంపింది. నెల తర్వాత ఆట మళ్ళీ మారింది. ఈసారి ఆయన ఎవర్నీ పిలవలేదు. తలుపు తీసి ఉంటే నేనే తొంగిచూశాను. ఇంజను మెల్లగా పాకింది. గడగడమనే చప్పుడు ఒక్కో వ్యాగనూ దాటుకుంటూ వచ్చి, తెర అదిరింది. కదలని కుర్చీలో గార్డుగారు ముందుకు తూలి బల్ల పట్టుకున్నారు.

వెనక ఆయన భార్య నిలబడి ఉన్నారు. "ఇలా రోజుకి ఎన్నిసార్లు?"

"ఆగి బయల్దేరినప్పుడల్లా."

ఆవిడ కుర్చీని గోడకి ఆనేలా వెనక్కి జరిపి వెళ్ళారు.

పదిహేను రోజులకి తయారుచేసేవాళ్ళు ఒక ఫిర్యాదు పంపి, జవాబు మీరే చెప్పండి అన్నారు. ఎవరో ఆడుతూ చివరి పెట్టెలో కూర్చున్నారట. పెట్టె కుదుపుతోంది, ఆటలో తప్పుంది, బాగుచెయ్యండి అని రాశారు.

"ఇంకొకడు ఎక్కాడు తల్లీ!" గార్డుగారు కుర్చీలోంచి లేచిపోయారు. "రాయి. బాబూ, అది తప్పు కాదు. కూత వినగానే కాళ్ళు ఎడంగా పెట్టి కమ్మీ పట్టుకోండి. ఇది తెలుసుకోవడానికి నాకు రెండు పళ్ళు ఖర్చయ్యాయి."

కోడలు టైపు చెయ్యడం ఆపింది. "రెండా మామయ్యా?"

ఆయన నాలుకతో లోపల తడుముకున్నారు.

"ఒకటే. రెండోది పుచ్చి ఊడింది. ఒకటనే రాయి."