రెండు కంటి ఫొటోలతో సాలూరుకి

అరవైల చివర్లో శ్రీకాకుళంలో ఒక కంటి డాక్టరుగారి దగ్గర ఫొటోలు తీసేవాణ్ణి. నీటికాసుల జబ్బులో కంటి వెనకాల నరం ఎంత వేగంగా పాడవుతుందన్నది ఆయన పరిశోధన. అదే కంటిని ఏడాది తేడాతో రెండుసార్లు తీసి పోల్చేవాళ్ళం. సాలూరు లారీ డ్రైవరు అప్పన్న రెండో ఫొటో కడిగి, పని ఒత్తిడిలో పదిరోజులు పక్కన పడేశాను. తీరా పోల్చి చూస్తే, నరం మధ్య గుంట బాగా పెరిగిపోయింది. ఆ మనిషేమో ఇంకా ఘాట్ రోడ్డు మీద లారీ తోలుతున్నాడు. "ఉత్తరం రాసి కూర్చుంటే లాభం లేదు, నువ్వే వెళ్ళి తీసుకురా" అన్నారు డాక్టరుగారు.

మర్నాడు ఆమదాలవలసలో ఏడున్నర పాసింజరు ఎక్కాను. అది చీపురుపల్లిలో ఎదురుబండి కోసం నలభై నిమిషాలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరిగాను. కొన్న టీ తాగకుండానే వదిలేశాను. విజయనగరంలో బస్సెక్కి, రూపాయిన్నర టిక్కెట్టుతో గజపతినగరం మీదుగా సాలూరు చేరేసరికి ఒంటిగంట దాటింది. దారంతా ఎదురొచ్చిన ప్రతి లారీలోనూ అప్పన్న ముఖమే వెతుక్కున్నాను.

లారీలు ఆగేచోట భోజనం హోటలు నడిపే ఆవిడని అడిగాను.

"అప్పన్నా? అదిగో, లోడుకి తాడు బిగిస్తన్నాడు. కోరాపుట్టు పోతాడు. బేగి ఎల్లు బాబూ!"

పరిగెత్తాను. నన్ను చూసి అప్పన్న నవ్వాడు. "ఏటి బాబూ, ఇంత దూరం వొచ్చినావు? నాకు ఎదర బాగానే కనబడతన్నాది."

బానెట్ మీద రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టాను. "ఈ తెల్లటి గుంట చూడు మావా. ఇది పెరిగేకొద్దీ పక్కచూపు పోతుంది. ఎదురుగా ఉన్నది మాత్రం ఆఖరిదాకా కనబడుతుంది. అందుకే నీకు తెలీడం లేదు."

అప్పన్న రెండు ఫొటోలనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "మొన్న రామభద్రపురం కాడ ఎడంపక్క ఎడ్లబండి... తగిలీదాకా కనబడనేదు. సెక్రం ఇరిగింది. తప్పు నీదేనని బండోడినే తిట్టినాను" అన్నాడు.

"పదిరోజుల కిందటే చెప్పాల్సింది. ఆలస్యం నాదే."

"ఇప్పుడైనా వొచ్చినావు కదా," అని, పక్క లారీ దగ్గరున్న బావమరిదిని కేకేశాడు. "బావా! ఈ లోడు నువ్వు పట్టుకెల్లు." తాళం చేతిలో పెట్టాక కూడా లారీ తలుపు మీంచి చెయ్యి తియ్యలేకపోయాడు.

నాతోనే శ్రీకాకుళం వచ్చాడు, ఆ వారమే ఆపరేషనయింది. పోయిన చూపు రాలేదు, మిగిలింది నిలబడింది. అప్పన్న మళ్ళీ స్టీరింగు పట్టలేదు. అదే అడ్డాలో లోడింగు చూసుకునేవాడు. నేను తీసేది పరిశోధన కోసం అనుకునేవాణ్ణి, ఆ ఫొటోకి అవతల ఒక మనిషి రోడ్డు మీద ఉన్నాడని ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత కడిగిన ఏ ఫొటోనూ చూడకుండా ఇంటికి వెళ్ళలేదు.

కంటి పరీక్షకి ఊరు దాటి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: కంట్లో వేసే చుక్కలతో కొన్ని గంటలు చూపు మసకబారుతుంది, తిరుగుప్రయాణానికి ఒకరిని తోడు తీసుకెళ్ళండి.