వీధంతా తోలిన బండి

మా వీధిలో మోటారు సైకిలు తాళం తీసి జేబులో వేసుకునే అలవాటు ఎవరికీ లేదు. బండి వాకిట్లో ఉంటే తాళం దానికే ఉంటుంది. అవసరం పడినవాడు ఎక్కి పోతాడు, వచ్చేటప్పుడు కాస్త పెట్రోలు పోయించి తెచ్చి పెడతాడు. అడగడం, అడిగించుకోవడం రెండూ నామర్దా. నా చిన్నప్పుడు ఎడ్లనూ ఇట్లాగే ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం. అవి పక్కవాడి చేలో పడితే తోలినవాణ్ణి తిట్టేవారు గాని, ఎడ్లు ఎవరివని ఆరా తీసేవారు కాదు.

ఎదురింటివాడు నరసరావుపేటలో ఒక ప్రైవేటు బడికి బస్సు తోలేవాడు. నన్ను పెదనాన్నా అంటాడు. రాత్రిపూట బస్సు ఊళ్ళోనే ఆపుకొనేవాడు కాబట్టి పొద్దున్నే దాన్ని తీసుకొని పోయేవాడు. వాడి మోటారు సైకిలు మాత్రం వాకిట్లో ఉండేది. పేరుకే అది వాడిది, తోలేది వీధంతా.

హైవే మీద కెమెరాలు పెట్టాక వాడి ఫోనుకు చలానాలు రావడం మొదలైంది. వేగం, హెల్మెట్ లేదు, మళ్ళీ వేగం. ఎవరినీ ఏమీ అనకుండా కట్టేసేవాడు. కడితే తీరిపోయిందనుకున్నాడు, నేనూ అట్లాగే అనుకున్నాను. ఈలోగా రూలు మారింది. ఏడాదిలో తప్పులు ఇన్ని దాటితే, జరిమానా కట్టినా సరే, లైసెన్సు కొన్నాళ్ళు ఆపేయవచ్చట. బడి మొహం చూడకుండా పేపర్లతో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి నేను. ఆ వార్త కూడబలుక్కుని మళ్ళీ మళ్ళీ చదివాను. ఒళ్ళు తెలియకుండా తోలి జనాన్ని చంపేవాణ్ణి ఆపాల్సిందే, కాదనను. కానీ వీడేం చేశాడు?

నోటీసు రాగానే ఇద్దరం రవాణా ఆఫీసుకు పోయాం.

"ఏందయ్యా, మీ కెమెరాకి నంబరు కనపడింది గాని మొహం కనపళ్ళేదా? ఆ టైములో వీడు బడి బస్సులో ఉన్నాడు" అన్నాను.

అక్కడి గుమస్తా చెడ్డవాడేం కాదు. "తోలింది ఎవరో చెప్పండి తాతా. రాసిస్తే వాళ్ళ మీదికి మారుస్తాం. చెప్పకపోతే బండి ఎవరిదో తప్పూ వాళ్ళదే."

నేను నోరు తెరవబోయాను. వాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"చెప్పమాకు పెదనాన్నా."

"ఎందుకు చెప్పకూడదురా?"

"ఒకాయన భార్యకి నొప్పులొస్తే పోయాడు."

"మరి నీ బావమరిది? వాడికేం నొప్పులొచ్చినయ్యి? బిర్యానీకి పోయాడు గదరా!"

"పోనీలే. రేపు వాళ్ళ మొహాలు చూడాలా వద్దా?"

"వాళ్ళు నీ మొహం చూస్తున్నారంట్రా?"

గుమస్తా నవ్వాపుకుంటూ, "బయటికి పోయి తేల్చుకొని రండి తాతా" అన్నాడు.

బయటా తేలలేదు. సాయంత్రం నేనే వీధి మధ్యలో నిలబడి గొంతెత్తాను. "తోలినోళ్ళు ముందుకొచ్చి ఒక్క మాట చెప్పండి. వాడి కూడు పోతది."

బావమరిది చుట్ట వెలిగించుకుంటూ, "నేను పోయినప్పుడు కెమెరా లేదు మామా" అన్నాడు. నొప్పులకు పోయినాయన తల వంచుకొని ఇంట్లోకి పోయాడు. ఇంకొకడు, "బండి బయట పెట్టిందెవరు? వద్దంటే ముట్టుకుంటామా?" అని ఎదురడిగాడు. బతికినన్నాళ్ళూ ఈ వీధిని చూసి గర్వపడ్డాను. ఆ పూట వాళ్ళకు వీపు తిప్పి ఇంటికొచ్చేశాను.

లైసెన్సు ఆపేశారు. బస్సుకు బడివాళ్ళు వేరొకణ్ణి పెట్టుకున్నారు. వీడు జిన్నింగు మిల్లులో పత్తి బోరేలు మోశాడు.

గడువు తీరి లైసెన్సు చేతికొచ్చిన రోజు వాడు నేరుగా బడికి పోయాడు. తిరిగొచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"వచ్చే ఏడు చూద్దామన్నారు పెదనాన్నా. మంచిగానే మాట్లాడారు."

మంచిగానే అనేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను వాణ్ణి. తిట్టాల్సినవాళ్ళు చానామందే ఉన్నారు. అప్పుడు ఎదురుగా ఉన్నది వాడొక్కడే.