చెరకు బండి మీది పిల్ల

1964 జనవరి. ఎడపల్లిలో ఓ రైతు వాకిట్లో ఉన్నవాళ్లం: ఆ రైతు, ఆయన బిడ్డ, మా సారు, తోటి పంతులుగా నేను.

బడికి రాని పిల్లల ఇళ్లకు సాయంత్రాలు సైకిల్ మీద వెళ్లడం సారు అలవాటు. మరునాడే ఆయన హైదరాబాద్‌కు, విశ్వవిద్యాలయంలో పంతుళ్లకు పాఠం చెప్పే కొలువుకు వెళ్లాలి.

"పరీక్షలయ్యేదాంక ఆగే అన్నా, పిల్లను చెరకు కోతకు తోలకు," అని సారు రైతును బతిమాలాడు.

"చక్కెర ఫ్యాక్టరీ ఆగుతదా సారూ? నువ్వే ఆగుతలేవు, ఇడిసిపెట్టి పోతున్నవ్."

అయినా సారు చీకటి పడేదాకా బతిమాలుతూనే ఉన్నాడు.

మరునాడు పొద్దున ఆయనను సాగనంపడానికి నేనూ బస్సెక్కాను. దారిలో చెరకు బండి మీద ఆ పిల్ల కనిపించింది. సారు కిటికీలోంచి సగం బయటికి వంగి, "బడికి పో బిడ్డా, బడికి పో!" అని గొంతు చించుకున్నాడు. బస్సు మోతలో వినపడక, సెలవు తీసుకుంటున్నాడనుకుని ఆ పిల్ల నవ్వుతూ చెయ్యి ఊపింది.